లంచం చేతిలో ఉండదప్పా, బిల్లులో ఉంటాది

పోయిన ఉగాదికి ముందర ఒక దినం రాత్రి పదకొండు గంటలప్పుడు బెంగళూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేసినాడు. ఆ పొద్దులో ఫోన్ మోగితే మా ఇండ్లల్లో అందరికీ గుండె జల్లుమంటాది, ఎవురికేమైందో అని. "ఎవురికీ ఏం కాలేదు మామా. ఒక సంతకం గురించి అడగల్ల" అన్నాడు.

వాడు మడకశిరలో ఇంటరు, హిందూపురంలో డిగ్రీ సదివి, పదేళ్ల కిందట బెంగళూరు బస్సెక్కినోడు. ఫోన్లెత్తే పనిలో చేరి, టీం లీడరై, ఇప్పుడు మేనేజరైనాడు. వాళ్ల ఆఫీసు చేసేది బయటి దేశం కంపెనీ పని. ఏ ఆఫీసు అనేది ఇక్కడ రాయను. ఇట్లాంటి కథ ఏ ఆఫీసులోనైనా జరగొచ్చు.

సంగతేందంటే, ఆఫీసు వాళ్లు ఇంగో అంతస్తు బాడుగకు తీసుకున్నారు. దానికి ఏదో పర్మిషన్ రావల్ల. రెండు నెలలైనా రాలేదు. అంతలో వాళ్లకు క్యాబులు నడిపే వెండర్ కాడ్నుంచి ఒక బిల్లు వచ్చింది. మూడు లక్షల ఎనభై వేలు. 'అదనపు రాత్రి ట్రిప్పులు' అని రాసుండాది. ఆ నెలలో అన్ని ట్రిప్పులు తిరగలేదని మా వానికి తెలుసు. ఎవురు ఏ షిఫ్టుకు రావల్లనో రాసేది వాడే కదా. పైనుండే ఆయన మాత్రం "నువ్వు అప్రూవ్ కొట్టు. పర్మిషన్ సంగతి కూడా దాంతోనే తీరిపోతాది" అన్నాడంట.

"నేను ఎవురికీ దుడ్లు ఇయ్యడం లేదు. తీసుకోవడమూ లేదు. బిల్లు పాస్ చేస్తాండా, అంతే. దీంట్లో నా తప్పేముంది మామా?"

వానికి ఆ రాత్రి చెప్పిన జవాబే ఇప్పుడు రొంత వివరంగా రాస్తాండా. మన మడకశిర, రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ పిల్లోళ్లు ఇట్లాంటి ఆఫీసుల్లో వందలమంది ఉండారు. ఈ దినం ఫోన్లెత్తేవాళ్లు రేపు సంతకాలు పెట్టే కుర్చీలో కూర్చుంటారు. ఆ కుర్చీ సంగతి ముందే తెలిసుండేది మంచిది.

నేను యాడ నేర్చుకున్నా

నేను పెద్ద సదువు సదివినోణ్ణి కాదు. పదోతరగతి తర్వాత బడి మొగం చూడలేదు. నాకు లెక్కలు నేర్పింది మస్టర్ రోలు.

2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకాన్ని దేశానికంతా మొదలుపెట్టినారు. ఆ తర్వాత సామాజిక తనిఖీలు వచ్చినాయి. నాలాంటోళ్లు శానామంది ఆ కాగితాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగినాం. "అవ్వా, నువ్వు ఈ చెరువు పనికి పన్నెండు దినాలు పోయినావంట, నిజమేనా?" అని అడిగేవాళ్లం. అవ్వ నవ్వేది. ఆమె మంచం దిగి ఏడాదై ఉంటాది.

అప్పుడు తెలిసింది నాకు. ఏ కాగితంలోనూ 'దొంగతనం' అని రాసుండదు. కూలి అని రాసుంటాది, మట్టి అని రాసుంటాది, ట్రాక్టరు బాడుగ అని రాసుంటాది. లంచం కూడా అంతే. ఎవురూ కవరు మీద 'లంచం' అని రాసి ఇయ్యరు. అది ఇంగో పేరు పెట్టుకుని బిల్లులోకి ఎక్కుతాది. ఆ బిల్లు నిజమని చెప్పే సంతకం ఒకటి కావల్ల. ఆ సంతకమే మా అల్లుడిది.

పని కిందికి, బిల్లు పైకి

అవుట్‌సోర్సింగ్ అంటే కష్టమైన మాట కాదు. లండన్‌లో బ్యాంకుకు ఎవురో ఫోన్ చేస్తే బెంగళూరులో మన పిల్లోడు ఎత్తుతాడు. అమెరికా ఆస్పత్రి బిల్లులు హైదరాబాదులో మన పాప సరిచూస్తాది. బయటి కంపెనీ తన పనిని ఇక్కడి కంపెనీకి అప్పజెప్పింది. ఇక్కడి కంపెనీ మళ్లా క్యాబులు ఒకరికి, క్యాంటీను ఒకరికి, సెక్యూరిటీ ఒకరికి, మనుషుల్ని పంపే పని ఒక కన్సల్టెన్సీకి, లైసెన్సులు తెచ్చే పని ఒక ఏజెంటుకు అప్పజెప్పింది.

పని పైనుంచి కిందికి దిగుతాది. బిల్లు కిందనుంచి పైకి ఎక్కుతాది. పై కంపెనీ మనిషి తన చేత్తో లంచమిచ్చే పని ఉండదు. కిందుండే ఏజెంటు ఇస్తాడు, ఆ దుడ్లు బిల్లులో కలుపుకుంటాడు. మధ్యలో కూర్చున్న మేనేజరు అప్రూవ్ కొడతాడు. పైనోళ్లకు ఏమీ తెల్దు, లేదా తెల్దన్నట్టు ఉంటారు.

ఇది నేను ఊహించి రాస్తాండేది కాదు. పెద్దపెద్ద పేర్ల మీద రుజువులు ఉండాయి. వాటిలో మొదటిది మన తెలుగోళ్లదే.

సత్యం కథలో మనం మర్చిపోయిన ముక్క

సత్యం కంప్యూటర్స్ అంటే మీకు గుర్తొచ్చేది 2009 జనవరి 7. ఆ దినం రామలింగరాజు లేఖ రాసి, లేని దుడ్లు ఉన్నట్టు లెక్కల్లో చూపించినామని ఒప్పుకున్నాడు. మొత్తం ఏడు వేల కోట్ల పైచిలుకు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు కోర్టు ఆయనకు, ఇంగా తొమ్మిది మందికి ఏడేళ్ల శిక్ష వేసింది. తర్వాతి నెల అప్పీలులో ఆ శిక్షను నిలిపేసి బెయిలిచ్చినారు. ఈ కథ అందరికీ తెలుసు.

అయితే ఆ లేఖకు రొండు వారాల ముందర, 2008 డిసెంబరులో, ఇంగో వార్త వచ్చింది. సత్యం ప్రపంచ బ్యాంకుకు కంప్యూటర్ పనులు చేసేది. అచ్చంగా అవుట్‌సోర్సింగ్ పని. ప్రపంచ బ్యాంకు సత్యాన్ని ఎనిమిదేళ్లు తన పనులకు రాకుండా నిషేధించిందని ఆ వార్త. నిషేధం సెప్టెంబరు నుంచే నడుస్తాండాదంట.

బ్యాంకు రొండు కారణాలు చెప్పింది. మొదటిది, బ్యాంకు సిబ్బందికి సత్యం అనుచితమైన లాభాలు కలిగించింది. రొండోది, సబ్ కంట్రాక్టర్ల పేరుతో వసూలు చేసిన దుడ్లకు సరైన కాగితాలు చూపలేకపోయింది.

ఆ రొండో కారణాన్ని ఇంగోసారి సదవండి. సబ్ కంట్రాక్టరు బిల్లు, దానికి లేని కాగితం. మా అల్లుని టేబుల్ మీదున్న క్యాబు బిల్లు మాదిరే ఉంది కదా. సత్యం పెద్ద భవనం, అల్లునిది చిన్న గది, అంతే తేడా. సత్యంలో యాభై వేల మందికి పైన ఉద్యోగులుండారని కంపెనీ చెప్పుకునేది. వాళ్లలో శానామంది మన పిల్లోళ్లే. రొండు వారాల తేడాతో వచ్చిన రొండు దెబ్బలకు వాళ్ల బతుకు గాల్లో పడింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా ఆ కంపెనీని కొనేదాకా ఆ ఇండ్లల్లో ఎవురికి నిద్ర పట్టుంటాది?

ఆ 2009 జనవరిలోనే ప్రపంచ బ్యాంకు ఇంగో పేరు కూడా బయటపెట్టింది. బెంగళూరు విప్రోని 2007 నుంచి నాలుగేళ్లు పక్కన పెట్టినామని చెప్పింది. కారణం 2000లో జరిగిన సంగతి. అమెరికాలో విప్రో షేర్లు అమ్మకానికి పెట్టినప్పుడు కొన్ని షేర్లు బ్యాంకు మనుషులకు కేటాయించింది. షేర్లు ఊరికే ఇయ్యలేదు, అక్కడి నియమాలు ఒప్పుకున్న పద్ధతిలోనే అమ్మినాం అని విప్రో వాదన. అయినా నిషేధం పడింది. దీన్నిబట్టి తెలుసుకోవాల్సింది ఏందంటే, లంచమంటే నోట్ల కట్టే కానక్కర్లేదు. వేరేవాళ్లకు దొరకని అవకాశం నీకు పనిచ్చే మనిషికి దొరికేట్టు చేసినా అది అనుమానం కిందికే వస్తాది.

చెన్నై భవనం, బోగస్ బిల్లు

రొండో కథ చెన్నైది. కాగ్నిజెంట్ అమెరికా కంపెనీ. దాని ఉద్యోగుల్లో ఎక్కువమంది మన దేశంలోనే ఉండారు. చెన్నైలో 27 లక్షల చదరపు అడుగుల క్యాంపస్ కట్టేటప్పుడు, 2014లో, ప్లానింగ్ పర్మిషన్ కోసం తమిళనాడులో ఒక పెద్ద అధికారి 20 లక్షల డాలర్లు అడిగినాడని అమెరికా షేర్ మార్కెట్‌ను చూసుకునే ఎస్‌ఈసీ చెప్పింది. అప్పటి లెక్కన 12 కోట్ల రూపాయల కాడికి.

ఆ దుడ్లు కంపెనీ నేరుగా ఇయ్యలేదు. భవనం కట్టే కంట్రాక్టరుతో ఇప్పించింది. కంట్రాక్టరుకు తిరిగి కట్టడానికి పనిలో మార్పులు జరిగినట్టు బోగస్ బిల్లులు తయారుచేసినారు. గోడ మార్చినామని, ఇంగోటి కలిపినామని రాసుకుని, లంచం దుడ్లను కట్టడం ఖర్చులో కలిపినారు. మన ఊళ్లల్లో చెక్‌డ్యాం ఎస్టిమేట్లు పెంచేది ఇట్లే కదా.

కంపెనీ తానే పోయి అమెరికా ప్రభుత్వానికి ఈ సంగతి చెప్పుకుంది. 2019 ఫిబ్రవరిలో రొండున్నర కోట్ల డాలర్లు కట్టి ఎస్‌ఈసీతో కేసు తేల్చుకుంది. పెద్ద కుర్చీల్లో కూర్చున్న ఇద్దరి మీద క్రిమినల్ కేసు పెట్టినారు. వాళ్లు తప్పు చేయలేదన్నారు. ఇక్కడి కార్యకలాపాలు చూసిన ఇంగో పెద్ద అధికారి అదే ఏడాది సెప్టెంబరులో 50 వేల డాలర్ల జరిమానా కట్టి సర్దుబాటు చేసుకున్నాడు. ఆయన మీదుండే ఆరోపణల్లో ఒకటి ఏందంటే, లెక్కలన్నీ సరిగా ఉండాయని తప్పుడు ధ్రువీకరణ కాగితం మీద సంతకం పెట్టడం. నోట్లు మోసింది ఎవురో, సంతకం దగ్గర పట్టుబడింది ఆయన.

మన పిల్లోళ్ల మెడకు చుట్టుకునే లంచం

ఇంతవరకు ఇచ్చే లంచం. తీసుకునే లంచం ఇంగో రకం. 2023లో టీసీఎస్‌లో ఒక ఫిర్యాదు బయటపడింది. మనుషుల్ని పంపే ఏజెన్సీల కాడ కొందరు ఉద్యోగులు లాభం తీసుకుంటాండారని. కంపెనీ విచారణ చేసి ఆ అక్టోబరులో వివరాలు చెప్పింది. 19 మంది ఉద్యోగుల పాత్ర ఉందని తేలితే 16 మందిని పంపించేసినారు, ముగ్గురిని ఆ విభాగం నుంచి తప్పించినారు, ఆరు ఏజెన్సీలను ఇంగ రావద్దన్నారు. కంపెనీని మోసం చేసింది లేదు, నడవడి నియమాలు తప్పినారని టీసీఎస్ మాట.

ఏజెన్సీ మేనేజరుకు ఇచ్చే దుడ్లు చెట్టుకు కాస్తాయా? కొన్నిచోట్ల అవి ఉద్యోగం కోసం వచ్చిన పిల్లోని జేబులోంచే వస్తాయి. మా పక్క ఊర్లో ఒక పిల్లోడు వక్కతోట మీద అప్పు తెచ్చి ఒక కన్సల్టెన్సీకి 'ట్రైనింగ్ ఫీజు' కట్టినాడు. ఆఫర్ లెటరు వచ్చింది. మూడు నెలలకు ఉద్యోగం పోయింది. అప్పు మాత్రం ఉంది. వాళ్ల నాయన ఇప్పటికీ ఆ ఫీజు రసీదు నా కాడికి తెచ్చి "దీన్ని యాడ చూపించల్లప్పా" అని అడుగుతాడు. ఆ రసీదు మీద కూడా లంచం అని రాసిలేదు, ట్రైనింగ్ అని రాసుండాది.

అందుకే ఈ నియమాలు పెద్ద కంపెనీల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. పైన మేనేజరు ఒక బిల్లు మీద కన్ను మూసుకుంటే, కింద ఒక రైతు వక్కతోట కుదువకు పోతాది.

మూడు చట్టాలు, ఒక మెడ

బెంగళూరులో కూర్చున్న మేనేజరు మీదికి ఒకే పనికి మూడు దేశాల చట్టాలు రావచ్చు.

మొదటిది మనది. 1988 అవినీతి నిరోధక చట్టాన్ని 2018 జులైలో మార్చినారు. అప్పట్నుంచి ప్రభుత్వ ఉద్యోగికి లంచం ఇచ్చేది కూడా సొంతంగా ఒక నేరం. సెక్షన్ 8 కింద ఏడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రొండూ. ఎవురైనా బలవంతంగా ఇప్పించుకుంటే, ఏడు దినాల్లోపల పోలీసులకో, దర్యాప్తు సంస్థకో చెప్పుకున్నవాళ్లకు రక్షణ ఉండాది. ఎనిమిదో దినం పోతే ఆ రక్షణ లేదు. సెక్షన్ 9 కంపెనీకి జరిమానా వేస్తాది. లంచం జరక్కుండా తగిన ఏర్పాట్లు చేసినామని చూపించగలిగితేనే కంపెనీకి దారి. సెక్షన్ 10 ప్రకారం, కంపెనీలో బాధ్యత గల మనిషి ఒప్పుకునో, చూసీచూడనట్టుండో జరిగిందని రుజువైతే ఆ మనిషికి మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు.

రొండోది అమెరికాది, 1977 నాటి ఎఫ్‌సీపీఏ. వాటర్‌గేట్ తర్వాత తవ్వితే, నాలుగు వందలకు పైన అమెరికా కంపెనీలు బయటి దేశాల్లో అనుమానపు చెల్లింపులు చేసినట్టు ఒప్పుకున్నాయి. విమానాల కంపెనీ లాక్‌హీడ్ లంచాల కేసులో జపాన్ మాజీ ప్రధాని తనాకా 1976లో అరెస్టైనాడు. ఆ సిగ్గులోంచి పుట్టిన చట్టం ఇది. దీంట్లో రొండు భాగాలు. బయటి దేశాల అధికారులకు లంచం ఇయ్యకూడదనేది ఒకటి. అమెరికా మార్కెట్లో షేర్లుండే కంపెనీ లెక్కల పుస్తకం నిజం చెప్పల్ల అనేది రొండోది. అంటే క్యాబు బిల్లు పేరుతో లంచం రాస్తే, లంచం ఎవురికి ముట్టిందో తేలకముందే, ఆ తప్పుడు రాతే ఒక తప్పు.

మూడోది బ్రిటన్‌ది. 2010లో చేసినారు, 2011 జులై 1 నుంచి అమలు. ప్రభుత్వ అధికారికే కాదు, ప్రైవేటు మనిషి ప్రైవేటు మనిషికి ఇచ్చే లంచం కూడా దీని కిందికి వస్తాది. పదేళ్ల దాకా జైలు. బ్రిటన్‌లో వ్యాపారముండే కంపెనీ కోసం పనిచేసేవాళ్లు యాడ లంచమిచ్చినా, 'నువ్వు ఆపలేకపోయినావు' అని ఆ కంపెనీనే పట్టుకుంటారు. ఈ చట్టం కింద మొదట శిక్ష పడింది ఏ కోటీశ్వరునికో కాదు, ఒక కోర్టు గుమాస్తాకు. ట్రాఫిక్ కేసు రికార్డుల్లోకి ఎక్కకుండా చూస్తానని 500 పౌండ్లు తీసుకున్నాడు. చట్టానికి చిన్న మొత్తం, పెద్ద మొత్తం లేదు.

మన పెనుకొండ కాడికి కియా వచ్చినప్పట్నుంచి బయటి దేశం కంపెనీలు మనకు దూరం కాదు. కొరియా కూడా 1997 ఓఈసీడీ లంచాల నిరోధక ఒప్పందంలో ఉండాది. ఆ ఫ్యాక్టరీల చుట్టూరా బాడుగ బండ్లు, క్యాంటీన్లు నడిపే మనోళ్లు కూడా ఈ నియమాల కాగితాల మీద సంతకం పెట్టే దినాలొచ్చినాయి. ఏముందో సదివి పెట్టండి.

కంప్లయన్స్ అంటే మన భాషలో

కంపెనీలో చేరినాక ఏడాదికొకసారి కంప్యూటర్లో ఒక పాఠం పెడతారు. అందరూ నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కి పోతారు. దాంట్లో ఉండేది నిజానికి మన సామాజిక తనిఖీనే. పేర్లే వేరు.

బహుమానం సంగతి. దీపావళికి వెండర్ స్వీట్ల డబ్బా ఇస్తే ప్రాణం పోదు. డబ్బా కింద బంగారు నాణెముంటే మాత్రం అది డబ్బా కాదు. నేను చెప్పే గుర్తు ఒకటే. నీకొచ్చింది ఏందో ఆఫీసు రిజిస్టర్లో నీ చేత్తో రాయగలిగితే తీసుకో. రాయడానికి చెయ్యి ఆడకపోతే వెనక్కి పంపు.

వెండర్ సంగతి. పట్టుగూళ్లు కొనేవాళ్లు హిందూపురం మార్కెట్లో గూడు విప్పి చూడకుండా ధర చెప్పరు. వెండర్ను కూడా అట్లే విప్పి చూడల్ల. వాని వెనక ఎవురుండారు? ఏ అధికారి బామ్మర్దో కాదు కదా? అందరూ పదికి చేసే పనికి వీడు ఇరవై ఎందుకు అడుగుతాండాడు? నగదే కావల్ల అంటాడా, వేరేవాళ్ల ఖాతాకు పంపమంటాడా? బిల్లులో 'ఇతర ఖర్చులు', 'సమన్వయం' అని అర్థం కాని మాటలుంటే ఆడ ఆగల్ల. ఏ పని, ఏ దినం, ఎవురు చూసినారు అని అడగల్ల.

చాయ్ దుడ్ల సంగతి. ఆఫీసు నడపాలంటే అగ్నిమాపక అనుమతి, కరెంటు, ఆడపిల్లోళ్ల రాత్రి షిఫ్టుకు అనుమతి, ఇట్లా శానా కాగితాలు కావల్ల. రావాల్సిన కాగితం తొందరగా రావడానికి చెయ్యి తడిపితే తప్పేముంది అంటారు. అమెరికా చట్టంలో దీనికి చిన్న సందు ఉండాది. బ్రిటన్ చట్టంలో లేదు, మన చట్టంలో లేదు. నువ్వుండేది ఇక్కడ కాబట్టి ఆ సందు నీకు పనికిరాదు.

చేతులు వేరు చేసే సంగతి. పని అడిగేవాడు, పని జరిగిందని చెప్పేవాడు, దుడ్లు విడుదల చేసేవాడు ముగ్గురు వేర్వేరుగా ఉండల్ల. ఉపాధి పనుల్లో కొలతలేసేవాడు, మస్టరు రాసేవాడు, చెల్లించేవాడు కూడబలుక్కున్న చోటే దొంగతనం జరిగింది. ఆఫీసులో కూడా అంతే.

చెప్పుకునే చోటు సంగతి. 2013 కంపెనీల చట్టం సెక్షన్ 177 ప్రకారం షేర్ మార్కెట్లో ఉండే కంపెనీలు ఉద్యోగుల ఫిర్యాదులు వినే ఏర్పాటు పెట్టల్ల. ఫిర్యాదు చేసినోని మీద పగ తీర్చుకోకుండా కాపాడల్ల. బయటి కంపెనీకి సొంత ఫిర్యాదు నంబరో, మెయిలో కూడా ఉంటాది. కాంట్రాక్టు కాగితాల్లో వెతికితే దొరుకుతాది.

అయినా నా కోపం నాకుంది

ఇదంతా రాసి, చట్టాలు బంగారం, కంపెనీలు దేవుళ్లు అంటే నేను అబద్ధం చెప్పినట్టే. చెన్నై కేసు ఏమైందో చూడండి. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ ఆ ఎఫ్‌సీపీఏ అమలునే నిలిపేస్తూ ఆర్డరు వేసినాడు. ఏప్రిల్‌లో ఆ ఇద్దరు పెద్దల మీద క్రిమినల్ కేసును అమెరికా ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. విచారణ జరగకుండానే అయిపోయింది. జూన్‌లో కొత్త నియమాలతో మళ్లా అమలు మొదలన్నారు. వాళ్లు దోషులా కాదా అని ఏ కోర్టూ తేల్చలేదు. మన పక్క చూస్తే, లంచం అడిగింది ఎవురు, ముట్టింది ఎవురికి అని అడగాల్సిన పని మన ప్రభుత్వాలది. ఆ ఎఫ్‌సీపీఏ ఇచ్చినోణ్ణే పట్టుకుంటాది, ఇక్కడ తీసుకున్నోణ్ణి పట్టుకోవల్సింది మనమే.

కంపెనీలు కూడా ఈ నియమాలను తమ మెడ కాపాడుకోవడానికే ఎక్కువ వాడతాయి. "మేము పాఠం పెట్టినాం, వాడు నెక్స్ట్ నొక్కినాడు, సంతకం వానిదే" అని చూపించడానికి. పైనోడు నోటిమాటగా చెప్తాడు, కిందోడు రాతపూర్వకంగా అప్రూవ్ చేస్తాడు. విచారణకు నోటిమాట దొరకదు, రాతే దొరుకుతాది. మా ఊర్ల నుంచి పోయినోళ్లకు వెనక లాయరు ఉండడు, చిన్నాయనో పెదనాయనో డైరెక్టరుగా ఉండడు. అందుకే ఈ నియమం ఎవురికన్నా మనోళ్లకే ఎక్కువ అవసరం. కంపెనీ కోసం కాదు, మీ మెడ కోసం నేర్చుకోండి. నోటితో చెప్పిన మాటను రాతలోకి తీసుకురండి. "మీరు చెప్పినట్టు ఈ బిల్లు గురించి..." అని ఒక మెయిలు పెడితే సగం జబ్బు ఆడనే నయమైతాది.

అల్లుడు ఏం చేసినాడు

ఆ రాత్రి నేను వానికి చెప్పింది ఇంతే. "కాదని గలాటా చేయొద్దు. ఔనని అప్రూవ్ కూడా కొట్టొద్దు. కాగితాలు అడుగు." పొద్దున్నే వాడు వెండర్‌కు మెయిలు పెట్టినాడు, పైనాయనకు కాపీ వేసి. మూడే మాటలు. ఈ ట్రిప్పుల షీట్లు పంపండి. బండ్ల జీపీఎస్ లెక్క పంపండి. మా గేటు రిజిస్టర్‌తో సరిచూసి బిల్లు పాస్ చేస్తాము.

రొండు దినాలకు 'పొరపాటున పంపినాం' అని వెండర్ బిల్లు వెనక్కి తీసుకున్నాడు. పర్మిషన్ ఇంగో నాలుగు నెలలకు వచ్చింది. ఆ ఏడాది అల్లునికి జీతం పెరగలేదు. టీం కూడా మార్చినారు. ఇంటి లోను కంతు కట్టడానికి వాడు నడుపుతాండే బైకు అమ్ముకున్నాడు. మా అక్క నాతో రొండు నెలలు మాట్లాడలేదు. "నీ ఉద్యమం నీ నెత్తిన పెట్టుకో, నా కొడుకు నెత్తిన పెట్టొద్దు" అన్నది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. జవాబు కూడా నా కాడ లేదు. సంతకం పెట్టుంటే ఏమయ్యేదో, పెట్టనందుకు ఏమైందో, రొండూ మోసేది ఆ ఇల్లే కదా.

పోయిన నెల జాతరకు వాడు ఊరికొచ్చినాడు. చింతచెట్టు కింద కూర్చున్నాం. "కొత్త టీంలో మొదటి క్యాబు బిల్లు వచ్చింది మామా" అన్నాడు. ఎంతకు అని అడిగినా. మొత్తం చెప్పలేదు వాడు. "ట్రిప్ షీట్లు, జీపీఎస్ లెక్క నేను అడగకముందే బిల్లుకు జతచేసి పంపినారు" అన్నాడు.